అక్షరక్రమంలో విన్న సీమోన్ వెర్నేర్

ఫాబ్రిస్ గోబేర్ తీసిన ‘సీమోన్ వెర్నేర్ అ దిస్పారు’ (సీమోన్ వెర్నేర్ కనిపించకుండా పోయాడు) అనే ఫ్రెంచి చిత్రానికి సోనిక్ యూత్ అనే న్యూయార్క్ రాక్ బృందం సమకూర్చిన సంగీతాన్ని నేను నాలుగేళ్లకు పైగా తప్పు వరుసలో విన్నాను. చిత్రం 2010లోనూ, సంగీతపు ఆల్బమ్ 2011 ఫిబ్రవరిలోనూ వచ్చాయి కనుక ఇప్పుడు దీనిమీద సమీక్ష రాయడం కొందరికి వింతగా తోచవచ్చు. అయితే ఇన్నేళ్లుగా నేను మళ్లీ మళ్లీ వింటున్న చిత్రసంగీతం ఇదొక్కటే. దీనిమీద నాకున్న ఇష్టానికి ఆ తప్పు వరుసే మూలమని చాలా ఆలస్యంగా తెలిసింది.

జరిగినది ఇది. ఈ ఆల్బమ్‌ను నేను ఒక ఆన్‌లైన్ దుకాణంలో ఫైళ్ల రూపంలో కొన్నాను. వాటిలో పాటల క్రమసంఖ్యలు లేవన్న సంగతి అప్పట్లో గమనించలేదు. సంఖ్యలు లేకపోయేసరికి నా ఫోను ఆ 13 రచనలనూ పేర్ల అక్షరక్రమంలో పేర్చుకుంది. ‘ఆలీస్ ఎ సీమోన్’తో మొదలుపెట్టి, ‘ఓ కఫే’ మీదుగా సాగి, ఫ్రెంచిలో థీమ్ అనే మాటతో మొదలయ్యే, ఒక్కో పాత్ర పేరుతో ఉన్న నాలుగు బాణీలనూ చిట్టచివర ఒకచోట చేర్చింది. ఆ నాలుగింటిలో మొదట ఆలీస్, తరువాత జెరెమీ, ఆపైన లెతీసియా, ఆఖరున సీమోన్ వచ్చేవారు. ఒక్క మాట కూడా పాడని ఆల్బమ్ కావడం వల్ల ఏది ముందో ఏది వెనకో అనుమానించేందుకు నాకు ఆధారమేదీ దొరకలేదు. పైగా కనిపించకుండా పోయిన కుర్రవాడి పేరుతో ఆల్బమ్ ముగియడం ఎంతో ఆలోచించి చేసిన ఏర్పాటని నమ్మి, నలుగురైదుగురు మిత్రులకు ఆ మాటే గట్టిగా చెప్పాను కూడా.

తరువాత ఒక మిత్రుని ఇంట సీడీ అట్ట వెనక్కి తిప్పి చూసినప్పుడు అసలు వరుస కనబడింది. అది జెరెమీ థీమ్‌తో మొదలై, 13 నిమిషాల ఆలీస్ థీమ్‌తో ముగుస్తుంది. సీమోన్ థీమ్ దానికి రెండు మెట్ల ముందే వచ్చి వెళ్లిపోతుంది. ఆనాడు నాకు కలిగిన చిరాకు ఇంతా అంతా కాదు. దుకాణంవారికి రాసిన ఫిర్యాదుకు క్రమసంఖ్యలను మీరే సరిచేసుకోవచ్చునన్న సమాధానం వచ్చింది. నేను సరిచేసుకోలేదు.

చిత్రాన్ని ఆ తరువాతనే, ఉపశీర్షికల సాయంతో చూశాను. కథ 1992లో, పారిస్ శివారులోని ఒక లిసేలో, అంటే మన ఇంటర్మీడియట్ వయసు పిల్లలు చదివే బడిలో జరుగుతుంది. ఒక విందు రాత్రి చెట్ల మధ్య శవం కనబడడంతో మొదలై, అంతకుముందు గడిచిన రోజులనే నలుగురి కళ్లతో నాలుగుసార్లు చెబుతుంది. మొదట జెరెమీ, తరువాత ఆలీస్, ఆపైన అందరూ ఆటపట్టించే జాన్‌బాప్టిస్ట్ రాబియే, చివరికి సీమోన్ మన ముందుకు వస్తారు. సీమోన్ వంతు రాగానే నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. చిత్రం ఎవరితో ముగుస్తుందో నా ఫోను కూడా సరిగ్గా వారితోనే ముగించింది! అసలు ఆల్బమ్ జెరెమీతో మొదలై చిత్రపు ఆరంభాన్ని పట్టుకుంటే, నా అక్షరక్రమం దాని ముగింపును పట్టుకుంది. ఒకే నడవ, ఒకే తరగతిగది, ఒకే మాట మరొకరి పక్కనుంచి చూసినప్పుడు వేరే అర్థం ఇచ్చే చిత్రానికి, ఒకే 13 రచనలను రెండు వరుసల్లో విన్న శ్రోత తనకు తెలియకుండానే తగిన తయారీతో వెళ్లాడని ఆ రాత్రి అనుకున్నాను.

ఇక్కడే నా పాత పొగడ్తను కొంత తగ్గించుకోవాలి. ఆలీస్ థీమ్‌ను నేను ఇదివరకు ఎంతో పొగిడేవాణ్ని; ఆ పొగడ్త ఆల్బమ్‌కు వర్తిస్తుంది కానీ చిత్రానికి వర్తించదు. ఆల్బమ్‌లో గిటార్లు ఒకదానిమీద ఒకటి పేరుకుంటూ పోయే ఆ 13 నిమిషాల కోసం నేను చిత్రమంతా ఎదురుచూశాను. 93 నిమిషాల చిత్రంలో అంత నిడివికి చోటుండదని ముందే తట్టవలసింది. అక్కడ సంగీతం తునకలుగా వచ్చి, ఒక్కోచోట మాటల అడుగున మణిగిపోయి, మనం పట్టుకునే లోపే తప్పుకుంటుంది. మొదటిసారి దీనిని లోపంగా లెక్కగట్టాను. రెండవసారి చూసినప్పుడు మాత్రం, భయపడవలసిన క్షణాన్ని ముందుగా చాటి చెప్పని ఈ సంగీతం వల్లనే ఆ పిల్లలు పుట్టించే పుకార్లను నేనూ వారితోపాటు నమ్మానని గ్రహించాను. ప్రతినాయకుడు గుమ్మంలో కాలు పెట్టకముందే డప్పులు మోగే నేపథ్యసంగీతంతో పెరిగిన చెవికి ఇది అలవాటు కావడానికి సమయం పట్టింది. చివర విప్పే ముడి ఆ పుకార్లన్నిటికంటే సాదాగా ఉండి, మా ఇంట్లో నాతోపాటు చూసినవారిని నిరాశపరిచింది. నాకు నచ్చింది, అయితే అప్పటికి సంగీతంతో నాలుగేళ్ల చుట్టరికం ఉన్న నా తీర్పు నిష్పాక్షికమని చెప్పలేను.

మిగిలిన రచనలన్నీ ఒకే స్థాయిలో లేవు. ‘లె జాంజ్ ఓ పియానో’ ఇప్పటికీ పాతబడలేదు. జెరెమీ థీమ్‌లో ఈ న్యూయార్క్ బృందాన్ని ఎరిగినవారు వెంటనే గుర్తుపట్టే గిటార్లున్నాయి. చిన్న రచనల్లో కొన్ని మాత్రం దృశ్యం తోడు లేకుండా నిలబడలేవు, ఇటీవల వాటిని దాటవేస్తున్నాను. బృందంలోని థర్‌స్టన్ మూర్, కిమ్ గోర్డన్ దంపతులు 2011 అక్టోబరులో విడిపోయిన తరువాత ఈ బృందం ఆగిపోయింది కనుక, చివరినాళ్లలో వచ్చిన ఈ ఆల్బమ్‌ను నేను అవసరానికి మించిన మెతకదనంతో వింటున్నానేమో కూడా. గోబేర్ 2012లో టీవీకి తీసిన ‘లె రెవనాఁ’ అనే ధారావాహికకు మొగ్వాయ్ అనే మరో బృందం చేత సంగీతం చేయించాడు. అది దీనికంటే బిగువుగా ఉంటుందని వాదించేవారితో నేను గొడవ పడను.

రాత్రిపూట ఒంటరిగా పనిచేసుకునేవారికి, గొంతు లేని గిటారు సంగీతం ఎంతసేపైనా వినగలవారికి ఈ ఆల్బమ్ కొనమని చెప్పగలను. పాట కోసం వెతికేవారికి చెప్పలేను. చిత్రం ముందా, ఆల్బమ్ ముందా అని అడిగితే నా దారి యాదృచ్ఛికంగా పడినది కనుక సలహాగా పనికిరాదు. తరువాత సీడీ కూడా కొన్నాను. అది జెరెమీతో మొదలై ఆలీస్‌తోనే ముగుస్తుంది. ఫోనులోని ఫైళ్లకు మాత్రం ఇంతవరకు సంఖ్యలు వేయలేదు.