ఎల్‌కే150 అల్లిక మెషిన్: అల్లాక మిగిలే పని మాటేంటి?

సిల్వర్ రీడ్ ఎల్‌కే150 కొని ఏడాది దాటింది. వీడియోల్లో క్యారేజ్ (సూదుల మీదుగా జరుగుతూ వరస అల్లే భాగం) అటూ ఇటూ జరపగానే వీపు ముక్క తయారైపోతుంది, అది నిజమే, కానీ స్వెట్టర్ ఒంటికి కుదురుతుందా లేదా అన్నది తేలేది ఆ తర్వాత, లూపులు మూసి ముక్కలు కలిపే దగ్గర. ఆ పని మెషిన్ చెయ్యదు, మనమే చేత్తో చెయ్యాలి. అందుకే దాని గురించే రాస్తున్నాను.

దీనికి 150 సూదులు, సూదికీ సూదికీ 6.5 మిల్లీమీటర్ల ఎడం. 4.5 మిల్లీమీటర్ల మెషిన్ల మీద సన్న నూలుతో కళ్లు లాగేస్తాయి. ఇక్కడ మామూలు ఊలు లూపులు స్పష్టంగా కనిపిస్తాయి, ట్రాన్స్‌ఫర్ టూల్ (లూపును ఒక సూది నుంచి ఇంకో సూదికి మార్చే పనిముట్టు) తిన్నగా దూరుతుంది. లూపులు మూసేటప్పుడు చివరి లూపును పక్క సూది మీదికి మార్చాలి, ఆ సూదిని ముందుకు లాగి కొక్కెంలో నూలు వేసి వెనక్కి నెడితే రెండు లూపుల్లోంచి ఒక కొత్త లూపు వస్తుంది, దాన్ని మళ్లీ పక్కకి. ఇంతే.

మా పాప స్వెట్టర్‌కి మెడ దగ్గర ఇలా చేస్తూ బిగించేశాను, తల పట్టలేదు, పిల్ల ఏడుపు. మొత్తం విప్పాల్సొచ్చింది. ఇప్పుడు లూపు మార్చిన ప్రతిసారీ నూలును సూదుల మధ్య ఉండే ప్లాస్టిక్ పన్ను చుట్టూ తిప్పుతున్నాను. పన్ను మందం మేర నూలు వదులుగా ఉండిపోతుంది, చివర్లో అంచునంతా ఒకేసారి పైకెత్తితే ఊడి వస్తుంది, సాగుతుంది కూడా. నూలు మాత్రం వెడల్పుకి నాలుగింతలు వదిలి కత్తిరించుకోండి.

భుజాలు కలపడం అయితే నాకు చాలా నచ్చింది. ఒక ముక్కను మంచి వైపు మనకు కనిపించేలా, రెండోదాన్ని దాని మీద తిరగేసి అవే సూదులకు తగిలించి, రెండు పొరల్నీ కలిపి ఒక వరస వదులుగా అల్లి, పైన చెప్పినట్టే మూసెయ్యడమే. కుట్టు తిన్నగా వస్తుంది, బరువుకి సాగదు. పక్కలు మాత్రం మెషిన్ మీద వద్దు, ముద్దగా వస్తాయి. ముక్కలు బల్ల మీద పరిచి, అంచు లూపు పక్కనున్న అడ్డ పోగుని ఈ వైపు ఒకటి, ఆ వైపు ఒకటి కుట్టు సూదితో ఎత్తుతూ వెళ్తే కుట్టు కనపడదు.

రిబ్బింగ్ (అంచుల్లో సాగే చారల అల్లిక) కావాలంటే లూపులు జార్చి కొక్కెంతో ఒక్కోటి ఎత్తుకోవాలి, ఓపిక పడుతుంది. ఊలు స్వెట్టర్లు, శాలువాలు చేసేవాళ్లు ధైర్యంగా తీసుకోవచ్చు, ఒక మీటరుకి పైగా పొడవున్న, కదలని బల్ల ముందు చూసుకోండి.