తీర్థంలో మామిడి తాండ్ర కొనేవారికి హెచ్చరిక: చేతిలో పెట్టేది ఒకటి, పెట్టెలో కట్టేది మరొకటి

ఆత్రేయపురం దగ్గర జరుగుతున్న ఎండాకాలపు తీర్థానికి ఈ వారం వెళ్లేవారు దయచేసి ఇది చదివి బయలుదేరండి. దుకాణం పేరు నేను రాయను. గుడి నుంచి ఏటిగట్టుకు వెళ్లే దారిలో, జీళ్లు, ఖర్జూరం అమ్మే బల్లలు దాటిన తరువాత, అందరికన్నా పెద్ద గొంతుతో పిలిచి మరీ నోట్లో తాండ్ర ముక్క పెట్టే పెద్దమనిషి ఎవరో అక్కడికి వెళ్లివచ్చిన వారికి నేను చెప్పనక్కరలేదు. ఆయన దగ్గర మొన్న సాయంత్రం కిలో రూ.400 చొప్పున 6 కిలోలు కొన్నాను. మా చెల్లెలు వచ్చే వారం అమెరికా తిరిగి వెళుతోంది కాబట్టి, ఆ సంబరంలో బేరం కూడా ఆడలేదు.

ఆయన నా చేతిలో పెట్టిన ముక్క మాత్రం నిజంగా తాండ్రే. ముదురు గోధుమరంగు, అంచు పట్టుకుని లాగితే పొర పొరగా విడివడడం, తీపి వెనకాల సన్నగా తగిలే పులుపు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. "ఈ ఏటిదేనండి, మొన్ననే చాప మీంచి తీసేం" అన్నారు. నేను తల ఊపాను. ఇక్కడే నా తెలివిని మెచ్చుకోవాలి. రసం వడకట్టి, పంచదారో బెల్లమో కలిపి, తాటాకు చాప మీద పలుచగా పోసి, అది ఎండాక దాని మీదే మరో పూత పోస్తూ అంగుళం మందం తేవాలంటే ఎన్ని ఎండలు కావాలో, అమ్మమ్మగారి డాబా మీద కర్ర పట్టుకుని కాకుల్ని తోలిన నాకు తెలియదా? చెట్టు మీద కాయ ఇంకా సరిగ్గా పండని వైశాఖం మొదట్లో ఈ ఏటి తాండ్ర అంత మందంగా ఎక్కడి నుంచి వస్తుందని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే నా రూ.2,400 నా దగ్గరే ఉండేవి.

ఇంటికి వచ్చి పెట్టె విప్పితే లోపల పచ్చగా, పసుపు ముద్దలా నిగనిగలాడే పదార్థం ఒకటి కనిపించింది. పొరలు లేవు. కత్తి దింపితే కత్తికి, నోట్లో వేసుకుంటే పళ్లకు అంటుకుపోయింది, వేళ్లకు అంటిన రంగు సబ్బుతో రెండుసార్లు కడిగినా పూర్తిగా వదలలేదు. తిరగేసి చూశాను. చాప మీద ఎండిన తాండ్రకు అడుగున అల్లిక గళ్లు అచ్చు పడి ఉంటాయి. దీని అడుగు స్టీలు పళ్లెంలా నున్నగా ఉంది. పెట్టెలు తీసి తూచితే 6 కిలోలన్నది 5 కిలోల 400 గ్రాములు తేలింది, అంటే అట్టపెట్టెలు కూడా కిలో రూ.400 ధరకే కొన్నానన్నమాట. ఆ పెట్టె మీద భౌగోళిక గుర్తింపు పొందిన సరుకు అని బంగారు అక్షరాల అచ్చు ఒకటి. 2023లో ఆ గుర్తింపు వచ్చింది ఆత్రేయపురం పూతరేకులకు. వాటి పేరు చెప్పుకుని ఈయన పసుపు ముద్ద అమ్ముకుంటున్నారు.

ఇంతవరకూ అయితే నా ఖర్మ అనుకుని ఊరుకునేవాణ్ణేమో. నిన్న ఉదయం పెట్టెలు మోసుకుని వెళ్లి, గొడవేమీ పెట్టుకోకుండా, "బాబాయిగారూ, మీరు రుచి చూపించింది ఇది కాదు కదా" అన్నాను. ఆయన నా ముఖం కూడా చూడకుండా, పక్కన నిలబడ్డ పది మందికీ వినబడేలా, "అది రుచి చూపించే తాండ్రండి, అమ్మేది కాదు" అన్నారు. ఎంత మామూలుగా అన్నారంటే, ఒక్క క్షణం తప్పు నాదేనేమో అనిపించింది. నేను ఇంకా తేరుకోకముందే, "పట్నం వాళ్లకి తాండ్ర తినడం కూడా మేమే నేర్పాలేటండీ" అని నవ్వారు. వరుసలో ఉన్న ఇద్దరు ముగ్గురు కూడా నవ్వారు. ఆ తరువాత ఆయన బల్ల కింద నుంచి మొన్నటి ముదురురంగు దిమ్మనే తీసి, ఒక ముక్క కోసి, నా పక్కనున్న మా పాప చేతిలో పెట్టి, "తినమ్మా, అసలుది" అన్నారు. మా పాప తీసుకుని తినేసింది. దాన్నేమంటాను? డబ్బు పోయినందుకన్నా ఆ "అసలుది" అన్న మాట విని కూడా నోరు పెగలకుండా తిరిగి వచ్చేసినందుకే రాత్రంతా నిద్ర పట్టలేదు.

తీర్థంలో నిజాయితీగా అమ్మేవారు లేరని అనడం లేదు, పక్క బల్ల మీద ఇద్దరు ఆడవాళ్లు చాపతో సహా తెచ్చి కోసి ఇస్తున్నారు, నేనే వారిని దాటుకుని పెద్ద గొంతు దగ్గరకు వెళ్లాను. కొనేవారు రుచి చూసిన దిమ్మనుంచే కళ్లెదుట కోయించుకోండి, అడుగున చాప అచ్చు చూడండి, పెట్టె లేకుండా తూయించండి, పెట్టె మీద 14 అంకెల ఆహార లైసెన్సు సంఖ్య ఉందో లేదో చూడండి. ఈ ఉదయం 1915 వినియోగదారుల సహాయ కేంద్రానికి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. బిల్లు ఉందా అని అడిగారు. నా దగ్గర ఉన్నది డబ్బు చెల్లించినట్టు ఫోన్‌లో వచ్చిన సందేశం ఒక్కటే. మీరైనా బిల్లు అడిగి తీసుకోండి.