అండమాన్‌లోని నార్త్ బేలో అద్దం పడవ ఎక్కేవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి

నిన్న జరిగింది. రాత్రంతా నిద్ర పట్టలేదు, అందుకే రాస్తున్నాను.

మా పిన్ని మొదటిసారి అండమాన్ వచ్చింది. 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, నీళ్లంటే భయం. అయినా పగడాలు చూడాలని ఎంతో ఆశ. నీళ్లలో దిగలేనివారికి అడుగున అద్దం ఉన్న పడవ ఒక దారి. అబర్డీన్ జెట్టీలో రాస్ ద్వీపం (ఇప్పటి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం) మీదుగా నార్త్ బే వెళ్లే మామూలు పడవ ఎక్కాం. రాస్‌లో కూలిన గోడలను చుట్టుకున్న చెట్ల వేళ్లనూ, భయం లేకుండా దగ్గరికొచ్చే జింకలనూ చూస్తూ పిన్ని కదలనే లేదు. అక్కడే ఉండిపోయినా బాగుండేది.

నార్త్ బేలో పాత 20 రూపాయల నోటు మీది తీరం ఇదేనని పిన్నికి చెబుతుంటే ఒకతను మధ్యలోకి వచ్చాడు. అరగంట, నేరుగా పగడాల మీదికే, ఇద్దరికీ 1,600 అన్నాడు. రసీదు మీద ఆ అంకె తప్ప మరేమీ లేదు. పదకొండేళ్లుగా ఇక్కడ ఉంటున్నదాన్ని, అది చూసి కూడా డబ్బు ఇచ్చాను. ఆ తప్పు నాదే.

పడవ కాస్త దూరం వెళ్లి ఆగింది. అద్దం నిండా గీతలు. కింద ఇసుక, విరిగి తెల్లబడిన పగడపు ముక్కలు. లోపం తన చూపుదే అనుకుందో ఏమో, పిన్ని కళ్లజోడు తుడుచుకుని మళ్లీ మళ్లీ వంగి చూసింది. బతికున్న పగడాలు ఎక్కడని అడిగితే, అక్కడికి ఇంకో 1,000 అన్నాడు పడవ నడిపే మనిషి. ముందే కట్టాం కదా అన్నాను. అప్పుడు హిందీలో అన్నాడు: “ఈ ముసలామెకు ఎక్కడైతే ఏమిటి? చూపు ఆనితే కదా!” పక్కనున్న కుర్రాడు నవ్వాడు.

పిన్నికి హిందీ రాదు. “ఏమంటున్నాడమ్మా?” అని అడిగింది. నోరు పెగల్చుకుని, “ముందుకెళితే అలలు ఎక్కువట పిన్నీ” అన్నాను. “పోనీలే, అతను మాత్రం ఏం చేస్తాడు, వెనక్కి వెళ్దాం” అంది. సముద్రం నిశ్చలంగా ఉంది. అతని తరఫున నేను అబద్ధం చెప్పాల్సి రావడం ఇప్పటికీ మింగుడుపడటం లేదు.

మొత్తం పన్నెండు నిమిషాలు. ఒడ్డున డబ్బు తీసుకున్న మనిషి లేడు. అడిగితే, అతనెవరో తెలియదన్నారు. జెట్టీకి తిరిగి వెళ్లే పడవ మన కోసం ఆగదు, గొడవపడే తీరిక మనకు ఉండదు. ఆ ధైర్యంతోనే ఇదంతా చేస్తారు.

దిగేటప్పుడు ఆ కుర్రాడు పిన్ని చేతిలో పగడపు ముక్క పెట్టబోయాడు. నేను పట్టుకోనివ్వలేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పగడాలకూ వర్తిస్తుంది. విమానాశ్రయంలో సంచిలో దొరికితే ఇబ్బంది పడేది పిన్నే.

వెళ్లేవాళ్లు ఎన్ని నిమిషాలో, ఎక్కడికో రసీదు మీద రాయించుకోండి. అద్దం చూశాకే డబ్బు ఇవ్వండి. పెద్దవాళ్లు వెంట ఉంటే ఇంకా గట్టిగా అడగండి, నేను అడగలేదు.