ఆరుగురు తుపాకీ గురువులు, ఓ అర నిండా పుస్తకాలు: తొమ్మిదేళ్ల తర్వాత

మేం ఉండేది డాలస్ శివార్లలో. 2016లో గ్రీన్‌కార్డు చేతికొచ్చిన రెండు నెలలకు, మా తమ్ముడి స్నేహితుడు పనిచేసే గ్యాస్ స్టేషన్‌లో దోపిడీ జరిగింది. కుర్రాడికేమీ కాలేదు గానీ నాకు నిద్ర పట్టడం మానేసింది. ఆ టెన్షన్‌లోనే పిస్టల్ కొన్నాను. అప్పట్నుంచి ఆరుగురు ట్రెయినర్ల దగ్గర క్లాసులు తీసుకున్నాను, దొరికిన పుస్తకమల్లా చదివాను. పిస్టల్ మీద సమీక్షలు బోలెడున్నాయి. దాన్ని పట్టుకోవడం నేర్పేవాళ్ల గురించి మనవాళ్లెవరూ రాసినట్టు కనబడలేదు, అందుకే ఇది.

మొదటి గురువుగారు ఉత్తరకుమారుడు. గోడ నిండా ఫొటోలు, చేతుల నిండా పచ్చబొట్లు, నోరు తెరిస్తే ఏదో ఎడారిలో చేసిన సాహసాలు. రెండు రోజుల క్లాసులో ఆయన మా ముందు ఒక్క గుండు కూడా కాల్చలేదని నాకు ఇంటికొచ్చాక గానీ తట్టలేదు. మా ఆఫీసులో మెరైన్స్‌లో పనిచేసి వచ్చినాయన ఒకరున్నారు. "ఏ యూనిట్, ఏ సంవత్సరాలు అని అడుగు" అన్నారు. అడిగాను. "అవి బయటికి చెప్పకూడనివి" అని మొహం చిట్లించాడు. సైన్యంలో ఎప్పుడు చేరారు, ఏ హోదాలో దిగారు లాంటి మామూలు వివరాలు సెయింట్ లూయిస్‌లోని ప్రభుత్వ రికార్డుల కేంద్రానికి రాస్తే ఎవరికైనా ఇస్తారని ఆ మెరైన్ పెద్దాయనే చెప్పారు. నేను రాయలేదు. కట్టిన డబ్బు ఎటూ పోయింది, మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు, అంతే.

అయినా ఆయన చెప్పినవన్నీ నిజమే అనుకుందాం. సైనికుడి పని శత్రువు దగ్గరికి వెళ్లడం. నా పని కూరగాయల సంచీతో, ఇద్దరు పిల్లలతో ఇంటికి చేరడం. ఆ రెండూ ఒక విద్య కాదని తెలుసుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది.

సర్టిఫికెట్ల సంగతి క్లుప్తంగా చెప్తాను. ఎన్‌ఆర్‌ఏ (నేషనల్ రైఫిల్ అసోసియేషన్, ఇక్కడి తుపాకీదారుల సంఘం) వాళ్ల పిస్టల్ ఇన్‌స్ట్రక్టర్ కాగితం ఒక వారాంతంలో వచ్చేస్తుంది. అది ఉందంటే సురక్షితంగా బోధించే పద్ధతి చెప్పారని అర్థం, అంతకు మించి కాదు. పిస్టల్ వెంట ఉంచుకోవడానికి టెక్సస్ ఇచ్చే లైసెన్సు పరీక్షా అలాంటిదే. 3, 7, 15 గజాల నుంచి మొత్తం 50 గుళ్లు కాల్చాలి, 250కి 175 వస్తే పాస్. నాకు మొదటిసారే 231 వస్తే మీసం మెలేశాను. తర్వాత ఎవరో లాక్కెళ్తే టైమర్ పెట్టి ఆడే ఓ పోటీకి వెళ్లాను. చివరి నుంచి మూడోవాణ్ని. నా కంటే పైన ఒక రిటైర్డ్ లెక్కల టీచరమ్మ ఉన్నారు. 2021 సెప్టెంబరు 1 నుంచి టెక్సస్‌లో చాలామందికి లైసెన్సు లేకుండానే పిస్టల్ వెంట ఉంచుకునే వీలొచ్చింది కాబట్టి, ఇప్పుడు ఆ మాత్రం క్లాసు కూడా తప్పనిసరి కాదు. గురువును ఎంచుకునే తలనొప్పి పూర్తిగా మనదే.

మూడో ట్రెయినర్ విషయంలో నా కళ్లు తెరిపించింది మా ఆవిడ. మంచి మాటకారి, తరగతి గదిలో అందరినీ నవ్విస్తున్నాడు. ఒర బెల్టుకు ఎక్కడ పెట్టుకోవాలో చూపిస్తూ తన పిస్టల్ తీసి అటూ ఇటూ తిరిగాడు. గొట్టం మొదటి వరస వాళ్ల కడుపుల మీదుగా వెళ్లింది. ఎవరో వెనక్కి జరిగితే "ఖాళీదే, భయపడకండి" అన్నాడు. మా ఆవిడ బ్యాగు భుజాన వేసుకుంది.

"ఏమండీ, లేవండి."

"డబ్బులు కట్టాం కదా, భోజనాల దాకా ఉందాం."

"మొన్న మీరే కదా నాకు చదివి వినిపించారు, ఏ తుపాకీ అయినా నిండి ఉన్నట్టే లెక్క అని?"

ఆ మాట జెఫ్ కూపర్‌ది. 1976లో అరిజోనాలో పిస్టల్ బడి పెట్టిన ఈ మాజీ మెరైన్ ప్రచారంలోకి తెచ్చిన నాలుగు సూత్రాల్లో మొదటిది. ఏ తుపాకీ అయినా నిండి ఉన్నట్టే. నాశనమైనా ఫర్వాలేదనుకున్న దాని మీదికి తప్ప గొట్టం తిప్పకూడదు. గురి కుదిరేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు. కొట్టేది ఏమిటో, దాని వెనకాల ఏముందో తెలియాలి. పక్క రాష్ట్రం నుంచి ఆరు గంటలు నడుపుకుంటూ వచ్చినవాళ్లు కూడా కూర్చునే ఉన్నారు. మేం లేచి వచ్చేశాం. డబ్బు తిరిగి ఇవ్వలేదు.

నాలుగో ఆయన చేసిన పొరపాటు అంత తేలిగ్గా కనబడదు. "21 అడుగుల లోపలికి కత్తితో వస్తే కాల్చేయొచ్చు, అది రూలు" అని బోర్డు మీద రాశాడు. నేను ఇంటికొచ్చి మూలం వెతికాను. డెన్నిస్ టుయెలర్ అనే సాల్ట్ లేక్ సిటీ పోలీసు 1983లో ఓ పత్రికలో వ్యాసం రాశాడు. మామూలు మనిషి ఏడు గజాలు, అంటే ఆ 21 అడుగులే, సుమారు ఒకటిన్నర సెకన్లలో పరుగెత్తేస్తాడు, పిస్టల్ తీసి కొట్టడానికీ దాదాపు అంతే సమయం పడుతుంది, కాబట్టి ప్రమాదం మనం అనుకున్నంత దూరంలో ఉండదు అన్నది దాని సారం. కాల్చడానికి అనుమతి ఇచ్చే చట్టమేదీ కాదది. టెక్సస్ శిక్షాస్మృతి 9వ అధ్యాయంలో అడుగుల లెక్క లేదు, నమ్మకం సహేతుకమా కాదా అన్న ప్రశ్న ఉంది. బోర్డు మీద రాసింది కోర్టులో చెప్తే నన్ను నవ్వులపాలు చేసి పంపేవాళ్లు, అదీ పంపితే.

పుస్తకాలూ ఇంతే. ఎస్.ఎల్.ఎ. మార్షల్ అనే అమెరికా సైనిక చరిత్రకారుడు 1947లో, రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికుల్లో నూటికి 15 నుంచి 25 మందే తుపాకులు పేల్చారని రాశాడు. ఆ లెక్క మీద ఎన్ని పుస్తకాలు, ఎన్ని ఉపన్యాసాలు లేచాయో చెప్పలేం. 1988లో రోజర్ స్పిల్లర్ అనే సైనిక చరిత్రకారుడు తవ్వితే ఆ శాతానికి ఆధారమైన లెక్కలే దొరకలేదు. ఇప్పుడు ఏ రచయిత పుస్తకం తెరిచినా ముందు ఆ అంకె ఉందేమో చూస్తాను. ఉండటం తప్పు కాదు, పక్కన వివాదం గురించి ఒక్క వాక్యమైనా లేకపోతే పక్కన పెట్టేస్తాను.

రచయితల్లో నాకు బాగా ఉపయోగపడ్డవాళ్లు ఇద్దరు. మసాద్ అయూబ్ పోలీసుగా, కోర్టుల్లో నిపుణుడైన సాక్షిగా పనిచేసినవాడు. కాల్పుల తర్వాత ఏమవుతుందన్నది ఈయన చెప్పినంత వివరంగా నేను చదివిన ఇంకెవరూ చెప్పలేదు. కాకపోతే ఆయన పేరున్న పుస్తకం 'ఇన్ ది గ్రేవెస్ట్ ఎక్స్‌ట్రీమ్' 1980 నాటిది, టెక్సస్ ఆత్మరక్షణ చట్టమే 2007లో మారింది. పక్కన ఇప్పటి చట్టం పెట్టుకుని చదవాలి. టామ్ గివెన్స్ మెంఫిస్‌లో నేర్పిన మనిషి. నిజంగా కాల్పులు జరపాల్సి వచ్చిన తన విద్యార్థుల సంఘటనలు అరవైకి పైగా కూర్చి, ఎక్కువ భాగం కారు పొడవంత దూరంలోనే జరిగాయని చూపించాడు. ఆ లెక్క ఒక్క బడిది, డబ్బు కట్టి నేర్చుకున్నవాళ్లది, అది మరిచిపోకూడదు. కానీ అంకె ఎక్కణ్నుంచి వచ్చిందో కనబడుతోంది, నాకు అది చాలు.

ఇక నేను గురువులను పరీక్షించే ప్రశ్న. మన హెచ్-1బి కుర్రాళ్లలో చాలామందికి తెలియని విషయం ఒకటుంది. రాష్ట్రం ఏం చెప్పినా, నాన్ఇమ్మిగ్రంట్ వీసా (హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసా) మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. 2022 నుంచి శిక్ష 15 ఏళ్ల దాకా ఉండొచ్చు. అందుకే ఏ ట్రెయినర్‌కి ఫోన్ చేసినా "హెచ్-1బి మీద ఉన్న మా కుర్రాణ్ని తీసుకురావచ్చా?" అని అడుగుతాను. ఐదో ఆయన "టెక్సస్‌లో లైసెన్సే అక్కర్లేదు, తీసుకొచ్చేయండి, తుపాకీ మేమే ఇస్తాం" అన్నాడు. కుర్రాడి వీసా, ఉద్యోగం, పెళ్లి సంబంధం అన్నీ ఒక్క ఫోన్‌లో పోయేవి. ఆరో ఆయన కాసేపు ఆగి, "నాకు తెలియదు, లాయర్ని అడిగి చెప్తాను, అప్పటిదాకా తీసుకురావద్దు" అన్నాడు. రెండు రోజులకు చట్టంలోని సెక్షన్ నంబరుతో సహా మెయిల్ వచ్చింది.

నాలుగేళ్లుగా ఆయన దగ్గరికే వెళ్తున్నాను. ప్రతి క్లాసు మొదట్లో ఏ వార్మప్ లేకుండా మా ముందు తాను కాలుస్తాడు. గురి తప్పితే తప్పిందంటాడు. ఒకసారి ఆయన టార్గెట్ కాగితం అడిగి తెచ్చుకున్నాను, రెండు గుళ్లు బయటే ఉన్నాయి, మా గ్యారేజ్‌లో అతికించాను. లోపాలూ ఉన్నాయి. గొణిగినట్టు మాట్లాడతాడు, చెవులకు మఫ్‌లు పెట్టుకుంటే సగం వినబడదు. ఎనిమిది మందికి మించి తీసుకోడు కాబట్టి ఫీజు మిగతావాళ్ల కంటే ఎక్కువ. రేంజ్ మీద ఎక్కడా నీడ లేదు, ఆగస్టులో మాత్రం వెళ్లకండి.