పొటోమాక్‌లో స్మాల్‌మౌత్ బాస్‌కి నెడ్ రిగ్: చాలాకాలం వాడాక నా మార్కులు

వాషింగ్టన్ డీసీ చుట్టుపక్కల పొటోమాక్ నదిలో స్మాల్‌మౌత్ బాస్ అనే చేపకి ఒక్క ఎరే తెచ్చుకోమంటే నెడ్ రిగ్ తెచ్చుకుంటాను. గాలం తగిలించిన పుట్టగొడుగు తలలాంటి చిన్న గుండు, ఆ గాలానికి గుచ్చిన మూడంగుళాల లోపు మొద్దు ప్లాస్టిక్ ముక్క, అంతే సరంజామా. షాపులో చూస్తే దీనికి చేపేం పడుతుందిలే అనిపిస్తుంది. అయిదుకి నాలుగు మార్కులు వేస్తాను. కోసిన ఒక్క మార్కూ రాళ్లలో ఇరుక్కుంటుందని.

స్మాల్‌మౌత్ ఈ నదిలో మొదటినుంచీ ఉన్న చేప కాదు. 1854లో ఒహాయో నది వైపు నుంచి రైలింజను నీళ్ల ట్యాంకులో తెచ్చి కంబర్‌లాండ్ దగ్గర కాలువలో వదిలారు. అక్కణ్ణుంచి కిందికంతా పాకింది. రాళ్ల సందుల్లో తిరిగే క్రేఫిష్ (రొయ్యలాంటి, డెక్కలున్న మంచినీటి జీవి) అంటే దానికి ప్రాణం. ఈ ఎరలో వాడే సాగే ప్లాస్టిక్ నీళ్లలో తేలుతుంది. గుండు అడుగున కూర్చుంటే తోక పైకి లేచి, డెక్కలెత్తి ఎదురుతిరిగిన క్రేఫిష్‌లా నిలబడుతుంది. మనం ఆడించకపోయినా దాని పని అది చేసుకుపోతుంది. రోజూ పడవలూ కుక్కలూ జనమూ తిరిగే నగరపు నదిలో హడావుడి చేసే ఎరల కన్నా ఇది నయం కావడానికి కారణం అదేనని నా అభిప్రాయం.

నేను వాడే అమరిక: 7 అడుగుల మీడియం లైట్ స్పిన్నింగ్ రాడ్ (గాలపు కర్ర), దారం చుట్టే 2500 సైజు రీలు, 10 పౌండ్ల లాగుడు తట్టుకునే బ్రెయిడ్ (అల్లిన దారం), చివర గాలం వైపు 5 అడుగుల 8 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడర్ (పారదర్శకమైన దారం ముక్క). రెండు దారాలనీ డబుల్ యూని అనే ముడితో కలపాలి. బ్రెయిడ్ వైపు 8 చుట్లు, లీడర్ వైపు 5. తడిపి బిగించండి. పొడిగా లాగితే ఒరిపిడికి ఫ్లోరోకార్బన్ దెబ్బతిని, మంచి చేప పడ్డప్పుడే ముడి దగ్గర తెగుతుంది.

రంగు గురించి జనం గంటలు గంటలు వాదిస్తారు. గ్రీన్ పంప్‌కిన్ ఒకటి కొనుక్కుని ఆ గొడవ వదిలేయండి. చేపలు పడేదీ పడనిదీ తేల్చేది గుండు బరువు. ఔన్సులో పదో వంతు, అంటే 2.8 గ్రాములు, ముప్పాతిక రోజులకి సరిపోతుంది. ఆగస్టులో నీళ్లు పలచబడి వడి తగ్గినప్పుడు పదహారో వంతు. గాలి ఉన్నా, ప్రవాహం బలంగా ఉన్నా ఆరో వంతు. సరైన బరువో కాదో ఇలా తెలుసుకోవచ్చు: ప్రవాహానికి ఎదురుగా ఏటవాలుగా విసిరి, దారం బిగువుగా ఉంచండి. గుండు రెండు మూడు క్షణాలకోసారి రాయిని తాకి మళ్లీ కదులుతుంటే సరిపోయినట్టు. అసలు తగలకపోతే తేలిక, దిగిన చోటే కూర్చుంటే బరువు. చేప పట్టినప్పుడు దెబ్బలాంటిదేమీ తెలియదు, దారం పక్కకి జరుగుతుంది, లేదా తడిగుడ్డ తగులుకున్నంత బరువు. అప్పుడు రాడ్ గట్టిగా గుంజకండి. గాలం తీగ సన్నం. రీలు తిప్పుతూ రాడ్‌ని పక్కకి లాగితే చాలు.

ఇక ఇరుక్కోవడం. సెనెకా, పెన్నీఫీల్డ్ లాక్, వర్జీనియా వైపు ఆల్గాంకియన్ పార్కు, రివర్‌బెండ్ దగ్గర చాలాచోట్ల రాతి గట్లు నదికి అడ్డంగా ఉంటాయి. (యాష్‌బర్న్, హెర్న్‌డన్ వైపు ఉండే మనవాళ్లకి చివరి రెండూ దగ్గర.) గట్టు మీదుగా అడ్డంగా లాగితే పుట్టగొడుగు తల నెర్రెలో దూరి కూర్చుంటుంది. గట్టు వెంబడే, దాని దిగువ నీడలో విసరాలి. అయినా ఇరుక్కుంటే రాడ్ వంచకండి, దారం వైపు నేరుగా పెట్టి, బ్రెయిడ్‌ని ఒక కర్రముక్కకి చుట్టి నిదానంగా లాగండి. ఒట్టిచేతికి చుడితే కోస్తుంది. లీడర్ 8 పౌండ్లు, గాలం సన్న తీగది అయితే చాలాసార్లు దారం తెగకముందే గాలం విచ్చుకుని బయటికొస్తుంది. పటకారుతో మళ్లీ వంచుకోవచ్చు, ఒకటి రెండుసార్లు. ఆపైన లోహం అలిసి, చేప ఉండగానే విరుగుతుంది.

ప్లాస్టిక్ ముక్క మన్నికకి వంక పెట్టలేను, ఒక్కటే ఎన్నో చేపలకి ఆగుతుంది. గుచ్చడమే కష్టం, గాలాన్ని తడిపితే జారుతుంది. తల దగ్గర్నుంచి జారిపోకుండా ఒక చుక్క సూపర్ గ్లూ. మామూలు మెత్త ప్లాస్టిక్ ఎరలతో ఒకే డబ్బాలో మాత్రం పడేయకండి, రెండూ కరిగి జిగురుముద్దవుతాయి.

నీటిమట్టం చూడకుండా బయల్దేరకండి. యూఎస్‌జీఎస్ (అమెరికా ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ) వాళ్ల లిటిల్ ఫాల్స్ గేజి, అంటే నీటిమట్టం కొలిచే చోటు, 3 అడుగుల దగ్గరుంటే గ్రేట్ ఫాల్స్ జలపాతానికి ఎగువన నదిలో దిగుతాను, 4 దాటితే ఒడ్డునే. ఎగువన పాయింట్ ఆఫ్ రాక్స్ దగ్గర మట్టం లేస్తే సుమారు ఒక రోజులో అది ఇక్కడికి దిగుతుంది. గ్రేట్ ఫాల్స్ నుంచి చెయిన్ బ్రిడ్జి దాకా, నీళ్లు ఎంత నిదానంగా కనిపించినా, దిగే ప్రసక్తే లేదు. పైన చదునుగా ఉన్న చోట కూడా అడుగున లాగే ప్రవాహం ఉంటుంది, ఏటా మనుషుల్ని మింగుతుంది. రాళ్లు పాకుడు పట్టి ఉంటాయి. మేరీలాండ్ 2011లోనే ఫెల్ట్ (ఒత్తిన ఉన్నిలాంటి గుడ్డ) అడుగు బూట్లు నిషేధించింది, కాబట్టి రబ్బరు అడుగుకి లోహపు మేకులున్నవి కొనండి. లైఫ్ జాకెట్ మోకాలి లోతులోనూ వేసుకోండి. డీసీ హద్దులోకి వస్తే లైసెన్సు వేరే.

నీళ్లు 15, 16 డిగ్రీలకి వచ్చినప్పుడు మగచేప గుంట చేసి గుడ్లు కాస్తుంది. మేరీలాండ్‌లో మార్చి 1 నుంచి జూన్ 15 దాకా పట్టినదాన్ని వదిలేయాలన్న నియమం ఉన్నది అందుకే. వెళ్లేముందు ఆ ఏటి నియమాలు ఓసారి చూసుకోండి. గాలం కొన దగ్గరుండే ఎదురుముల్లు ముందే నొక్కేసి, గుంట మీదున్న చేప జోలికి అసలు పోకపోతే మంచిది. దాన్ని ఒడ్డుకి లాగిన కాసేపట్లోనే చిన్న చేపలు గుడ్లు ఖాళీ చేస్తాయి.

వాన తర్వాత నీళ్లు టీ రంగుకి తిరిగి, మోకాలి లోతులో బూటు కనిపించకపోతే నెడ్ రిగ్ సంచిలోనే ఉంచండి. కదలని ఎరని చేప వెతుక్కోలేదు. అప్పుడు రేకు తిరిగే స్పిన్నర్‌బైట్ ఒడ్డు వెంబడి. అసలు పెద్ద వాన తర్వాత రెండు రోజులు ఆగడం మేలు, పాత డ్రైనేజీ పొంగి నదిలో కలుస్తుంది.