కీమో ఇంట్లో థర్మామీటర్: రెండు కొన్నాం, ఒకటే పనికొచ్చింది

మామూలు డిజిటల్ థర్మామీటర్‌కి కూడా రివ్యూనా అనుకుంటారేమో. అమ్మకి రొమ్ము క్యాన్సర్ అని తేలి కీమో మొదలయ్యేదాకా నేనూ అలాగే అనుకునేవాణ్ణి. మూడు వారాలకొకటి చొప్పున ఆరు సైకిళ్ళు. మొదటిరోజే ఆసుపత్రి డే కేర్‌లో, అంటే కీమో ఎక్కించి అదేరోజు ఇంటికి పంపే చోట, నర్సు ఒక కార్డు చేతిలో పెట్టి, జ్వరం 100.4 చూపిస్తే పగలా రాత్రా అని చూడకండి, ఫోన్ చేసి వచ్చేయండి, అడక్కుండా పారాసిటమాల్ మాత్రం వేయకండి అని రెండుసార్లు చెప్పింది. అది వేస్తే జ్వరం తగ్గినట్టు కనిపిస్తుంది, లోపల ఇన్ఫెక్షన్ దాని పని అది చేసుకుపోతుంది. కీమో అయ్యాక దాదాపు 7 నుంచి 14 రోజుల మధ్య న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు బాగా పడిపోతాయి. అవి లేకపోతే చీము పట్టడం, వాయడం లాంటి గుర్తులు కూడా సరిగ్గా కనబడవు, చాలాసార్లు జ్వరం ఒక్కటే బయటపడుతుంది.

కీమో కోసమని కొన్నది నుదుటి దగ్గర పెట్టి నొక్కే గన్. పడుకున్న మనిషిని లేపక్కర్లేదు, సెకనులో నంబరు వస్తుంది, అదీ మా ఆశ. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఫ్యాన్ గాలి, చెమట, ఎంత దూరంలో పట్టుకున్నాం అన్నదాన్ని బట్టి మారిపోవడం ఆ రకం వాటన్నిటికీ ఉన్నదే. రెండో సైకిల్ పదో రోజు రాత్రి అమ్మకి వణుకు మొదలైంది. గన్ 98.9 అంది, మళ్ళీ పెడితే 99.1, ఇంకోసారి 98.4. "ఏం లేదురా, కాస్త చలిగా ఉందంతే, పడుకో" అంటుంది అమ్మ, పళ్ళు టకటకలాడుతూనే. నాన్న వీపు మీద చెయ్యి పెట్టి చూసి, ఏమీ మాట్లాడకుండా వెళ్ళి అలమరలోంచి పాత కడ్డీ థర్మామీటర్ తెచ్చారు. నాలుక కింద పెట్టి బీప్ వచ్చేదాకా ఆగితే 101.2.

ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్ళాం. రక్తపరీక్షలో కౌంట్స్, అంటే రక్తకణాల లెక్క, బాగా పడిపోయాయి, న్యూట్రోఫిల్స్ 500 కంటే తక్కువ. వెంటనే సెలైన్‌తో యాంటీబయాటిక్స్ మొదలుపెట్టారు, నాలుగు రోజులు ఉండాల్సి వచ్చింది. గన్ మాట నమ్మి తెల్లారేదాకా ఆగి ఉంటే ఏమయ్యేదో నేను ఇప్పటికీ ఆలోచించను.

అందుకని ఈ రివ్యూ అసలు ఆ కడ్డీకి. వాడకంలో తెలుసుకున్నవి చెప్తాను. వేడివి గానీ చల్లటివి గానీ తాగితే ఓ అరగంట ఆగి పెట్టాలి, లేకపోతే నంబరు తప్పొస్తుంది. చంకలో పెడితే నోట్లో కంటే తక్కువ చూపిస్తుంది, కాబట్టి రోజూ ఒకేచోట పెట్టి, ఎక్కడ పెట్టారో కూడా నంబరు పక్కన రాసుకోండి. మూడో సైకిల్లో అమ్మకి నోరంతా పూసింది, నాలుక కింద పెట్టడం కుదరక చంకకి మారాం, అప్పుడు కొన వంగే రకం కొనాల్సిందే అనిపించింది. మలద్వారంలో పెట్టడం మాత్రం కౌంట్స్ తక్కువున్నప్పుడు అస్సలు వద్దన్నారు, అక్కడ చిన్న గీత పడినా ఇన్ఫెక్షన్‌కి దారి ఇచ్చినట్టే.

లోపాలు ఉన్నాయి. అంకెలు చిన్నవి, వెనక లైటు లేదు, అర్ధరాత్రి ఫోన్ టార్చ్ వేసి చదవాలి. బటన్ ఎక్కువసేపు నొక్కితే సెల్సియస్‌లోకి మారిపోతుంది. ఓ తెల్లవారుజామున నాన్న 36.8 చూసి అమ్మ చల్లబడిపోతోందని మమ్మల్నందర్నీ లేపేశారు, ఆ టెన్షన్‌లోనూ అమ్మ నవ్వాపుకోలేకపోయింది. ఈ కడ్డీ ఆఖరి రీడింగ్ ఒక్కటే గుర్తుపెట్టుకుంటుంది, అందుకే నాన్న నోట్‌బుక్ పెట్టారు. ఉదయం, సాయంత్రం, తేదీ, నంబరు, పక్కన ఒక్క మాట: "నిద్రపోయింది", "వాంతి", "కోపంగా ఉంది". డాక్టరు మా మాటల కంటే ఆ నోట్‌బుక్కే ఎక్కువ చదివేవారు.

ఏ థర్మామీటరూ చెయ్యలేని పని ఒకటుంది. వాంతులకని ఇచ్చే స్టెరాయిడ్ వల్ల జ్వరం పైకి కనబడకపోవచ్చు, కాబట్టి నంబరు మామూలుగా ఉన్నా సరే, వణుకు వస్తే గానీ మనిషి మగతగా ఉంటే గానీ ఫోన్ చేయమన్నారు. ఇంకోటి, మనుషులు దాస్తారు. అమ్మ మళ్ళీ ఆసుపత్రి మంచం అంటే భయంతో 100 దాటిందంటే చాలు "నోరు మూసుకుని ఉన్నా కదా, అందుకే" అనేది, ఒకసారి బీప్ రాకముందే తీసేసి చూపించింది. ఆ రోజు నేను అరిచాను. ఆవిడ ఏడ్చింది. మూడో సైకిల్ నుంచి కౌంట్స్ పెరగడానికి కీమో మర్నాడు ఇంజెక్షన్ ఇచ్చారు, ఎముకలు పీకేస్తున్నాయనేది గానీ ఆ రాత్రిలాంటిది మళ్ళీ రాలేదు.

నా లెక్కలో కడ్డీకి 5కి 4, గన్‌కి 1, ఆ ఒకటి కూడా పసిపిల్లల ఇళ్ళలో పనికొస్తుందేమోనని. కీమో ఇంట్లో అయితే ఒకేరకం కడ్డీలు రెండు కొనండి, ఒకటి ఆసుపత్రి సంచిలో ఉండిపోవాలి. బటన్ సెల్ కూడా ఒకటి అదనంగా ఉంచుకోండి. మేం ఆ రోజుల్లో వారానికోసారి ఆన్ చేసి చూసుకునేవాళ్ళం, సెల్ ఎక్కడ అయిపోతుందోనని.

మొన్న నాకు జలుబు చేసి ఆ కడ్డీ కోసం వెతికితే నోట్‌బుక్ పక్కనే దొరికింది. నొక్కితే వెలగలేదు. సెల్ ఎప్పుడు అయిపోయిందో ఇంట్లో ఎవరికీ తెలీదు.