బాల్ చూసి కొట్టాలా, ముందే ఊహించి కాచుకోవాలా?

బేస్‌బాల్‌లో బ్యాట్ పట్టుకుని నిలబడ్డాక బుర్రలో ఏముండాలి అనేదానికి రెండు దారులున్నాయి. ఒకటి, ఫలానా బాల్ ఫలానా చోటుకి వస్తుందని అనుకుని దానికోసమే కాచుకోవడం. రెండోది, ఏమీ అనుకోకుండా వచ్చింది చూసి కొట్టేయడం.

రెండోది వినడానికి సులువే గానీ లెక్క చూడండి, బాల్ విసిరే పిచర్ కాలు పెట్టే రబ్బర్ పలక నుంచి బ్యాటర్ ముందుండే హోమ్ ప్లేట్‌కి 60 అడుగుల 6 అంగుళాలు, గంటకి 95 మైళ్ల ఫాస్ట్‌బాల్ (నేరుగా వేగంగా వచ్చే బాల్) దాదాపు 0.4 సెకన్లలో వచ్చి పడుతుంది, అందులో స్వింగ్‌కి పోయేది పోగా ఆలోచించడానికి ఏం మిగులుతుంది చెప్పండి. అందుకే నా ఓటు మొదటిదానికే. 1941లో .406 సగటు (అంటే వెయ్యికి 406 హిట్ల లెక్కన) కొట్టిన టెడ్ విలియమ్స్ తనకి కావాల్సిన బాల్ కోసం ఆగేవాడు, ఆ సీజన్‌లో 147 వాక్‌లు (పిచర్ నాలుగు బాల్స్ స్ట్రైక్ జోన్ బయటికి వేస్తే ఊరికే దొరికే మొదటి బేస్), స్ట్రైకవుట్‌లు (మూడు స్ట్రైకులు పడి అవుటవడం) 27 మాత్రమే!

కౌంట్ (ముందు జోన్ బయట పడ్డ బాల్స్, తర్వాత స్ట్రైకులు) 2-0, 3-1 ఉంటే పిచర్‌కి స్ట్రైక్, అంటే జోన్‌లో పడే బాల్, కావాలి కాబట్టి నడుం ఎత్తులో ఫాస్ట్‌బాల్ ఒక్కటే చూడండి, కర్వ్ (వంపు తిరిగే బాల్) వచ్చి స్ట్రైక్ పడినా వదిలేయండి, నిజంగా పర్లేదు. కష్టం ఏంటంటే, అనుకున్నది రాకపోయినా చేతులు ఆగవు, పిచర్ వైపున్న భుజం ముందే తెరుచుకుపోతుంది, బ్యాట్ బాల్ మీద నుంచి గాల్లో తిరిగేస్తుంది.

రెండు స్ట్రైకులు పడ్డాక మాత్రం ఊహలు మానేసి రెండో దారికి రావాల్సిందే. బ్యాట్ పిడిని కాస్త పైభాగంలో పట్టుకుని, బాల్‌ని ఆలస్యంగా, ఎదురు ఫీల్డ్ వైపు (కుడిచేతి బ్యాటర్ అయితే కుడివైపుకి) కొట్టాలి. ఒకప్పటి గొప్ప బ్యాటర్ టోనీ గ్విన్ 20 సీజన్లలో కలిపి 434 సార్లే స్ట్రైకవుట్ అయ్యాడు.

మోచెయ్యి ఎక్కడ, పాదం ఎక్కడ అనే ఆలోచన మాత్రం ప్రాక్టీస్ కేజ్‌లోనే వదిలేసి రండి.